పందెం కాసే ముందు ఆటను రాయనివ్వండి

ఐపీఎల్ మొదలైందంటే నెల్లూరు జిల్లాలో రెండు ఆటలు నడుస్తాయి. ఒకటి టీవీలో కనిపిస్తుంది. రెండోది టీ బంకుల దగ్గర, ఫోన్లలో, గుసగుసల్లో సాగుతుంది. 2017లో జిల్లా పోలీసులు క్రికెట్ బెట్టింగ్ ముఠాల మీద విరుచుకుపడినప్పుడు ఆ రెండో ఆట లోతెంతో రాష్ట్రమంతటికీ తెలిసింది. కేసు బుకీలతో ఆగలేదు. రాజకీయ నాయకుల గుమ్మం దాకా, పోలీసు శాఖ లోపలి దాకా పాకింది. 2020 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించడానికి పూనుకుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. భారత జట్టు చొక్కాల మీద పేరు వేయించుకున్న ఫాంటసీ క్రికెట్ యాప్ డ్రీమ్11 కూడా డబ్బు పోటీలు మానుకుని ఆ స్పాన్సర్‌షిప్‌ను వదులుకుంది. ఇదంతా అవసరమే. కానీ చట్టం ‘వద్దు’ అని మాత్రమే అనగలదు. ‘ఇందులో నువ్వెందుకు ఓడిపోతావు’ అనే ప్రశ్నకు జవాబు చెప్పడం దాని పని కాదు. ఆ జవాబు పిల్లలకు ఇంట్లో దొరకదు, బళ్లో ఎవరూ చెప్పరు, ఫోను అసలే చెప్పదు. నలభై ఏళ్ల కిందట ఇంటి కంప్యూటర్ల మీద ఆడిన స్పోర్ట్స్ సిమ్యులేషన్ గేముల్లో ఆ జవాబు చెప్పే సాధనం ఒకటి ఉంది. బుచ్చిరెడ్డిపాలెం హైస్కూలు పిల్లలు కంప్యూటరు పీరియడులో అలాంటి ఆటను తమంతట తాము రాసి ఆడాలన్నది ఈ వ్యాసం వాదన. ఆడటం కంటే రాయడమే ముఖ్యం.

ఆ తొలినాటి ఆటల్లో రెండు జాతులున్నాయి. ఒకటి మణికట్టును పరీక్షించేది. 1984లో ఓషన్ కంపెనీ తెచ్చిన డేలీ థాంప్సన్స్ డెకాథ్లాన్‌లో పరుగు పందెం గెలవాలంటే రెండు మీటలను ఎంత వేగంగా బాదితే అంత మంచిది. లేదా జాయ్‌స్టిక్‌ను కుడి ఎడమలకు విరిగేదాకా ఊపాలి. సరదా ఆటే, మన వాదనకు మాత్రం పనికిరాదు. రెండో జాతి తలను పరీక్షించేది. దానికి పెద్ద ఉదాహరణ 1982లో కెవిన్ టామ్స్ అనే ఇంగ్లిష్ ప్రోగ్రామర్ సొంతంగా తయారుచేసి అమ్మిన ఫుట్‌బాల్ మేనేజర్. మొదట సింక్లెయిర్ జెడ్‌ఎక్స్81 మీద, తరవాత అదే కంపెనీ స్పెక్ట్రమ్ మీద నడిచింది. జెడ్‌ఎక్స్81 యంత్రానికి సొంత మెమరీ 1 కిలోబైటు, పక్కన ఒక పెట్టె తగిలిస్తే 16. అంత ఇరుకులో బొమ్మలకు చోటెక్కడిది? అందుకే ఆటగాడంటే ఒక పేరు, నైపుణ్యానికి ఒక అంకె, శక్తికి ఒక అంకె. జట్టు బలం ఆ అంకెల కూడిక. మ్యాచ్ ఫలితం ఆ కూడికకు కాస్త అదృష్టం కలిపితే వచ్చేది. మీరు బంతిని తన్నరు. ఎవరిని ఆడించాలి, ఎవరిని అమ్మాలి, బ్యాంకు అప్పు ఎంత తీసుకోవాలి అని నిర్ణయించి ఫలితం కోసం ఎదురుచూస్తారు. ఇంకో విషయం కూడా ఉంది. ఆ ఆట బేసిక్ భాషలో రాసింది. ఆపి, ప్రోగ్రామును తెరమీద పరిచి చదవొచ్చు. ఏ వరసలో అదృష్టం పలుకుతోందో, ఏ వరసలో డబ్బు లెక్క ఉందో వెతికి మార్చుకోవచ్చు. చాలామంది అదే చేశారు. దాన్ని మోసమన్న వాళ్లున్నారు. ఆట లోపలి యంత్రాంగం మొత్తం ఆడేవాడి కళ్ల ముందు ఉండటాన్ని నేనైతే చదువు అంటాను.

ఇది మనకు కొత్త విషయమేమీ కాదు. కంప్యూటరన్నది చూడని తరాలు కూడా తెలుగు బళ్లలో వెనక బెంచీల మీద సిమ్యులేషన్ క్రికెట్ ఆడాయి. దాని పేరు బుక్ క్రికెట్. సోషల్ పుస్తకం తెరవడం, ఎడమవైపు పేజీ నంబరులో చివరి అంకె చూడటం, అన్ని పరుగులు రాసుకోవడం. సున్నా వస్తే ఔట్. ఎడమ పేజీలు ఎప్పుడూ సరిసంఖ్యలే కాబట్టి వచ్చేవి 0, 2, 4, 6, 8. అంటే ప్రతి బంతికీ ఔటయ్యే అవకాశం అయిదింట ఒకటి. ఔటయ్యే లోపు సగటున నాలుగు బంతులు నిలుస్తాడు, నిలిచిన ప్రతి బంతికీ సగటున అయిదు పరుగులు తీస్తాడు. కాబట్టి బుక్ క్రికెట్ బ్యాట్స్‌మన్ సగటు 20, పది వికెట్ల జట్టు సగటు స్కోరు 200. కొన్ని బళ్లలో ఎనిమిది వస్తే ఒక్క పరుగే ఇస్తారు. ఆ చిన్న నిబంధన మార్పుతో బ్యాట్స్‌మన్ సగటు 13కు, జట్టు స్కోరు 130కి పడిపోతుంది. ఏళ్ల తరబడి ఆడినా ఈ లెక్క కట్టినవాళ్లు తక్కువ. కట్టమని ఏ లెక్కల మాస్టారూ అడగకపోగా పుస్తకం లాక్కుని బెంచీ ఎక్కించారు. సంభావ్యత పాఠం మొత్తం ఆ పుస్తకంలోనే ఆడుతూ ఉంటే, ఆ పాఠాన్ని నాణేల సంచి నుంచి, పేకముక్కల కట్ట నుంచి చెప్పుకొస్తున్నాం.

బుక్ క్రికెట్‌కు ఒక లోపముంది: ఓపెనరూ పదకొండో నంబరువాడూ అందులో ఒకటే. ఎవరి పేరు రాసుకున్నా పుస్తకానికి తెలియదు. కంప్యూటరు తీర్చింది ఈ లోపాన్నే. 1961లో అమెరికాలో జాన్ బర్జిసన్ అనే ఐబీఎం ఉద్యోగి 20 వేల అంకెలు మాత్రమే పట్టే 1620 యంత్రం మీద బేస్‌బాల్ ఆడించినప్పుడు చేసింది ఇదే: ఒక్కో ఆటగాడి పాత గణాంకాలను బట్టి అతని పాచికను వేరుగా మలిచాడు. 1985లో ఆడియోజెనిక్ సంస్థ గ్రాహం గూచ్ పేరుతో తెచ్చిన టెస్ట్ క్రికెట్ ఆట కూడా ఆ దారిలోనిదే. క్రికెట్‌కు ఇది ఎంత సులభమో చూడండి. బంతికి సగటున తీసే పరుగులను, బంతికి ఔటయ్యే అవకాశంతో భాగిస్తే బ్యాటింగ్ సగటు వస్తుంది. వంద బంతులకు 60 పరుగులు తీస్తూ సగటు 100 దగ్గర నిలిచే బ్యాట్స్‌మన్ కావాలా? బంతికి ఔటయ్యే అవకాశం 166లో ఒకటి అని పెట్టండి, చాలు. ఎనిమిదో తరగతి భాగహారమది. ఆ ఒక్క సూత్రంతో భారత జట్టులో ప్రతి ఆటగాడినీ కంప్యూటరులో నిలబెట్టవచ్చు.

నిలబెట్టాక ఏం తెలుస్తుంది? వి.వి.ఎస్. లక్ష్మణ్‌ను తీసుకుందాం. 134 టెస్టులు, 225 ఇన్నింగ్స్, 8,781 పరుగులు, సగటు 45.97. క్రీజులో ఎంతసేపున్నా ఔటయ్యే అవకాశం మారదనుకుని ప్రోగ్రాము రాస్తే, ఆ సగటున్న బ్యాట్స్‌మన్ 281 దాటడం సుమారు 450 ఇన్నింగ్స్‌లో ఒకసారి జరుగుతుంది. లక్ష్మణ్ ఆడింది అందులో సగం. అయినా 2001 మార్చిలో కలకత్తాలో, ఫాలో ఆన్ ఆడుతూ, ఆస్ట్రేలియా మీద సరిగ్గా 281 కొట్టాడు. ద్రావిడ్‌తో 376 పరుగుల భాగస్వామ్యం, నాలుగో రోజంతా వికెట్టే పడకపోవడం, 171 పరుగుల గెలుపు. ఈ లెక్క ఆ ఇన్నింగ్స్ విలువ తగ్గించిందా? అది ఎంత అరుదో మొదటిసారి కొలిచి చెప్పింది. అంతకు మించి ఒక ప్రశ్న లేపింది: ఔటయ్యే అవకాశం నిజంగా మారకుండా ఉంటుందా? కళ్లు కుదిరిన బ్యాట్స్‌మన్‌కు అది తగ్గదా? మూడో స్థానంలో పంపితే మారదా? ఇలా అడిగిన పిల్లవాడు ప్రోగ్రాము తెరిచి ఇంకో వరస రాస్తాడు. నమూనా ఎక్కడ తప్పుతోందో కనిపెట్టి సరిదిద్దడం ఎంతటి విద్యో తెలియాలంటే దూరం పోనక్కరలేదు. సోమశిలలో ఎన్ని టీఎంసీల నీళ్లున్నాయో, కనిగిరి రిజర్వాయరుకు ఎంత దిగుతుందో, రెండో పంట ఎడగారుకు నారు పోయాలా వద్దా అని బుచ్చి చుట్టుపక్కల రైతు ఏటా వేసుకునే అంచనా ఇదే విద్య. ఆయన దాన్ని నష్టపోతూ నేర్చుకున్నాడు. పిల్లలకు నష్టం లేకుండా నేర్పే అవకాశం ఉంది.

ఇప్పుడు పందేల సంగతికి వద్దాం. రెండు జట్లను సృష్టించండి. ఒకదానిలో ప్రతి బ్యాట్స్‌మన్ సగటూ 30, రెండోదానిలో 25. మొదటిది ఇరవై శాతం బలమైన జట్టు. టీ బంకు భాషలో ‘గ్యారంటీ’. ఓవర్ల పరిమితి లేకుండా ఒక్కో ఇన్నింగ్స్ చొప్పున వెయ్యి మ్యాచ్‌లు ఆడించండి. బలహీనమైన జట్టు దాదాపు 340 గెలుస్తుంది, అంటే మూడింట ఒకటి. కాగితం మీద ఎవరైనా ఈ సంఖ్య చెబితే పిల్లలు నమ్మరు. తాము రాసిన ప్రోగ్రాము, తాము పేర్లు పెట్టిన జట్లు, తమ కళ్ల ముందే ఆడి ఓడిపోతే నమ్మక తప్పదు. ‘ఈరోజు చెన్నై తప్పక గెలుస్తుంది’ అని అప్పు చేసి పందెం కట్టేవాడికి తెలియనిది ఈ మూడో వంతే. అతను జట్టు బలాన్ని తప్పుగా అంచనా వేయడు. నిజానికి క్రికెట్ అతనికి బాగానే తెలుసు. బలం ఫలితంగా మారే దారిలో అదృష్టం ఎంత వాటా తీసుకుంటుందో తెలియదు. నైపుణ్యమెంత, అదృష్టమెంత అన్న ప్రశ్న మీద మన న్యాయస్థానాలు దశాబ్దాలు వాదించాయి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు చెప్పిన ప్రసిద్ధమైన తీర్పు, 1968 నాటి లా రిపోర్టులకెక్కింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులోదే. ఫాంటసీ యాప్‌లన్నీ ఆ వాదన నీడనే పెరిగాయి. 2025 చట్టం ఆ చర్చను పక్కకు నెట్టి, నైపుణ్యమైనా అదృష్టమైనా రెండూ కలిసినా డబ్బు పెడితే నిషేధమేనంది. పాలనకు అది సుళువు. కానీ ప్రశ్న మాయమవలేదు, కోర్టు నుంచి తరగతి గదికి మారింది. నైపుణ్యపు అంకెను కొద్దికొద్దిగా పెంచుతూ గెలుపుల సంఖ్య ఎలా మారుతోందో చూసే పిల్లలకు, ఏ న్యాయవాదీ ఇవ్వలేని స్పష్టతతో జవాబు దొరుకుతుంది.

దీనికి బుకీని కూడా జోడించాలి, లేకపోతే పాఠం సగమే. సమాన బలం ఉన్న రెండు జట్ల మీద బుకీ 1.90 చొప్పున ధర ఇస్తాడనుకోండి. వంద కడితే గెలిచినప్పుడు 190 చేతికొస్తుంది. న్యాయంగా రావలసింది 200. ఆ పది రూపాయలే అతని వ్యాపారం. వంద మ్యాచ్‌ల మీద వంద చొప్పున కట్టినవాడు పదివేలు తిప్పి, సగటున అయిదు వందలు పోగొట్టుకుంటాడు. అతనికి క్రికెట్ తెలియక కాదు, ధర అలా కుదిర్చారు గనుక. ఇంకో పాఠం 1983 నుంచి. ఆ ప్రపంచ కప్‌కు ముందు లండన్ బుకీలు భారత జట్టుకు 66కు 1 ధర కట్టారు. అంటే నూటికి ఒకటిన్నర అవకాశం. జూన్ 25న లార్డ్స్‌లో కపిల్ జట్టు 183 మాత్రమే చేసి వెస్టిండీస్‌ను 140కి పడగొట్టింది. అప్పటినుంచి ‘బుకీలకేం తెలుసు’ అని గుండెలు బాదుకోవడం మనకు అలవాటు. ఒక్కసారి జరిగినదాన్ని బట్టి ఆ ధర తప్పో ఒప్పో తేల్చలేం. అదే ప్రపంచ కప్‌ను వెయ్యిసార్లు ఆడించగలిగితేనే తేలుతుంది. వాస్తవంలో అది కుదరదు, కంప్యూటరులో ఒక మధ్యాహ్నంలో కుదురుతుంది. ఒక్క అద్భుతాన్ని చూసి జీవితకాలం పందెం కట్టేవాడికీ, వెయ్యి మ్యాచ్‌ల పట్టిక చూసినవాడికీ మధ్య తేడా ఇక్కడే పుడుతుంది.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం ఒకటుంది: లెక్క నేర్పితే పిల్లలు ఇంకా తెలివైన పందెగాళ్లవుతారు కదా? దీన్ని కొట్టిపారేయను. మన భారతంలోనే దీనికి పాత కథ ఉంది. పాచికలాడి రాజ్యం పోగొట్టుకున్న నలుడు, మారు రూపంలో ఋతుపర్ణుడికి సారథ్యం చేస్తూ పోతుంటే, ఆ రాజు దారిలో ఒక తాండ్ర చెట్టును చూసి దాని కొమ్మల మీద ఆకులెన్నో కాయలెన్నో ఇట్టే చెబుతాడు. నలుడు రథం దిగి కాయలు లెక్కపెడితే సరిపోతుంది. ఆ లెక్కింపు విద్యనీ, దానితో ముడిపడిన అక్షహృదయాన్నీ, అంటే పాచికల మర్మాన్నీ, నేర్చుకోగానే అతనిలోని కలి బయటికి వచ్చేస్తాడు. (తిక్కన మన నెల్లూరివాడేగానీ ఈ కథ ఆయన వంతుకు రాలేదు, నన్నయ భాగంలోది.) లెక్క తెలియగానే వ్యసనం వదిలింది అని చెప్పి ఊరుకుంటే నాకు అనుకూలంగానే ఉంటుంది. కానీ కథ అక్కడితో ఆగదు. నలుడు మళ్లీ జూదమాడి, తనను ఓడించిన పుష్కరుడి మీద గెలిచి రాజ్యం తెచ్చుకుంటాడు. అభ్యంతరం చెప్పేవాళ్ల భయం సరిగ్గా అదే. దానికి జవాబు పందెపు స్వరూపంలోనే ఉంది. నలుడికీ పుష్కరుడికీ మధ్య కమీషన్ కోసుకునే మూడోవాడు లేడు. నేటి పందెంలో ప్రతి కట్టుకూ ఆ కోత ఉంది. నేర్చినకొద్దీ గెలవచ్చు అనే ఆశను ఆ పదివేల, అయిదు వందల పట్టిక తుంచేస్తుంది. అప్పటికే వ్యసనంలో కూరుకుపోయినవాడిని ఏ ప్రోగ్రామూ బయటికి లాగదు. అది వైద్యం, కుటుంబం, చట్టం చేయాల్సిన పని. నేను మాట్లాడుతున్నది ఇంకా మొదటి పందెం కట్టని బడి పిల్లల గురించి.

రెండో అభ్యంతరం ఇది పాత జ్ఞాపకాల మోజు అనేది. ఇవాళ ఫోనులోనే అసలు స్టేడియంలా కనిపించే క్రికెట్ ఉంటే, అంకెలు మాత్రమే కనిపించే ఆనాటి ఆట ఎవరికి కావాలి? మోజుకు ఇక్కడ తావే లేదు. ఆ దశ మనకు రానే లేదు కాబట్టి. 1984లో కేంద్రం ‘క్లాస్’ పేరుతో బళ్లలో కంప్యూటరు విద్య మొదలుపెట్టి, బ్రిటన్ బళ్ల కోసం తయారైన బీబీసీ మైక్రోలను తెప్పించినప్పుడు మొదటి విడతలో దేశం మొత్తం మీద దక్కింది సుమారు 250 బళ్లకు. పుణెలో డెసిబెల్స్ అనే సంస్థ స్పెక్ట్రమ్‌ను ఇక్కడే అమ్మినా అది పెద్ద నగరాల మధ్యతరగతి దాటి రాలేదు. మన చిన్న ఊళ్లు కీబోర్డున్న యంత్రాన్ని దాటేసి, 1990లలో క్యాసెట్టు గుచ్చి ఆడే టీవీ గేములకు, అక్కడి నుంచి సెల్‌ఫోనుకు దూకాయి. ఆటను తెరిచి చూసే తరం మనకు లేకుండానే ఆటను కొనుక్కునే తరం వచ్చింది. ఈ లోపు ఆ పాత జాతి ఆటలేమయ్యాయో కూడా చూడాలి. ఫుట్‌బాల్ ఆటల్లో ఆటగాళ్ల అంకెలు అలాగే ఉన్నాయి, ఇంకా పెరిగాయి. కానీ వాటిని పొట్లాల్లో పెట్టి, ఏ పొట్లంలో ఎవరున్నారో తెలియకుండా డబ్బుకు అమ్మడం మొదలైంది. 2018లో బెల్జియం జూద నియంత్రణ సంస్థ ఇలాంటి పొట్లాలు జూదమేనని తేల్చింది. మరుసటి ఏడాది ఆరంభంలో ఫీఫా ఫుట్‌బాల్ ఆటను తయారుచేసిన ఈఏ కంపెనీ, ఆ పొట్లాలు కొనుక్కునే ఫీఫా పాయింట్ల అమ్మకాన్ని ఆ దేశంలో ఆపుకుంది. అందం పెరిగేకొద్దీ పాచిక కనుమరుగైంది, దానికి బిల్లు పడింది.

పాత యంత్రాల పాచిక దొంగతనం కూడా దొరికిపోయేది. స్పెక్ట్రమ్ పుట్టించే యాదృచ్ఛిక సంఖ్యలు నిజానికి యాదృచ్ఛికం కావు. ఒక గుణకార సూత్రం వరసగా ఇచ్చేవి. 65,536 సంఖ్యల తరవాత వరస మళ్లీ మొదటికొస్తుంది. ఓపికున్న పిల్లలు అది కనిపెట్టి, ఏ చోటు నుంచి మొదలుపెడితే తమ జట్టు గెలుస్తుందో చూసుకోవచ్చు. యంత్రం ‘అదృష్టం’ అనేది ఎవరో మనిషి రాసిన వరసేనని తెలుసుకోవడానికి దీన్ని మించిన పాఠం నేను ఊహించలేను. రేపు ఏదో యాప్ ‘మీ అదృష్టం బాగుంది, ఇంకోసారి ప్రయత్నించండి’ అన్నప్పుడు, ఆ వాక్యం ఎప్పుడు చూపించాలో కూడా ఎవరో రాసే ఉంటారని తడుతుంది. అలాగని ఆనాటి ఆటలను నెత్తిన పెట్టుకోనక్కరలేదు. వాటిలో ఆడవాళ్లకు చోటు లేదు. పేరున్న క్రికెట్ ఆటలో అధికారిక లైసెన్సున్న మహిళా జట్లు కనిపించడానికి 2017 నాటి యాషెస్ క్రికెట్ దాకా ఆగాల్సి వచ్చింది. మిథాలీ రాజ్ అప్పటికి పద్దెనిమిదేళ్లుగా భారత్‌కు ఆడుతోంది. కడప నుంచి వచ్చిన శ్రీచరణి 2025 ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉందిప్పుడు. ఆమె బౌలింగ్ అంకెలను ప్రోగ్రాములో పెట్టడానికి బుచ్చిరెడ్డిపాలెం ఆడపిల్ల ఏ కంపెనీ అనుమతీ అడగనక్కరలేదు.

మూడో అభ్యంతరం చెప్పేవాళ్లంటే నాకు గౌరవం: ఆటంటే చెమట, దుమ్ము, మోకాలి దెబ్బ, పిల్లలను మైదానానికి పంపక ఇంకో తెర ముందు కూర్చోబెడతారా అంటారు వాళ్లు. ఈ పని కంప్యూటరు పీరియడులో చేసేది, ఆటల పీరియడును కాజేసేది కాదు. కంప్యూటరు పీరియడున్న చోట ఇప్పుడు జరుగుతున్నది అక్షరాలకు రంగులు మార్చడం, పేజీకి అంచులు గీయడం. ఇక ఆట అంకెలకు లొంగదన్న మాట సగమే నిజం. ఆటే అంకెల సాయం కోరుకున్న సందర్భాలున్నాయి. 1992 మార్చి 22న సిడ్నీలో ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో దక్షిణాఫ్రికాకు 13 బంతుల్లో 22 కావాల్సి ఉండగా వాన పడింది. అప్పటి నిబంధన లెక్క ప్రకారం మళ్లీ మైదానంలోకి వచ్చేసరికి మిగిలింది ఒక్క బంతి. ఆ అన్యాయాన్ని సరిదిద్దింది ఫ్రాంక్ డక్‌వర్త్, టోనీ లూయిస్ అనే ఇద్దరు గణాంక నిపుణులు. మిగిలిన ఓవర్లు, మిగిలిన వికెట్లు కలిపి ఒక జట్టు చేతిలో ఎంత శక్తి ఉందో చెప్పే పట్టిక తయారుచేశారు. 1997 జనవరి 1న హరారేలో జింబాబ్వే, ఇంగ్లండ్ మ్యాచ్‌లో అది మొదటిసారి వాడారు. కేరళ ఇంజినీరు వి. జయదేవన్ దానికి పోటీగా ఇంకో పద్ధతి రూపొందించాడు. వాన పడ్డప్పుడల్లా మన టీవీల ముందు సగం మంది డక్‌వర్త్ లూయిస్‌ను తిట్టుకుంటారు. పట్టిక ఎలా వచ్చిందో తెలిసి తిట్టేవాళ్లు కావాలి. వాళ్లలోంచే ఇంకో జయదేవన్ వస్తాడు.

ఖర్చు సంగతి పెద్దగా చర్చించనక్కరలేదు. 48 కిలోబైట్ల స్పెక్ట్రమ్‌తో పోలిస్తే 4 జీబీ మెమరీ ఉన్న మామూలు బడి కంప్యూటరు 87 వేల రెట్లు పెద్దది. పైథాన్‌లాంటి భాషలు ఉచితం. క్రికెట్ మ్యాచ్ మొత్తం ఆడించే ప్రోగ్రాము ముప్పయి వరసలు దాటదు. కరెంటు లేని రోజు పుస్తకం తెరిచి ఎడమ పేజీ చూసుకోవచ్చు. కొరత ఉన్నది ఉపాధ్యాయుల తీరికకు, ధైర్యానికి. లెక్కల మాస్టారికి ప్రోగ్రామింగ్ రాదు, కంప్యూటరు చెప్పేవారికి సంభావ్యత అప్పజెప్పలేదు, పీఈటీ గారిని ఎవరూ తరగతి గదిలోకి పిలవరు. పదో తరగతి లెక్కల పుస్తకంలో సంభావ్యత అధ్యాయం ఉంది. పరీక్షలో దానికి వచ్చే ప్రశ్నలు పాచికల మీద, ఎర్ర నీలి బంతుల మీద తిరుగుతాయి. ఆ అధ్యాయానికి ఈ ముగ్గురూ కలిసి రెండు వారాలు కేటాయించేలా విద్యాశాఖ ఒక సర్క్యులరు ఇస్తే మొదటి అడుగు పడుతుంది. మార్కులు ఇవ్వకపోతే ఎవరూ పట్టించుకోరు కాబట్టి, అంతర్గత మూల్యాంకనంలో ప్రాజెక్టుగా లెక్కించాలి.

క్రికెట్‌తో మొదలుపెట్టినా అక్కడే ఆగకూడదన్నది నా కోరిక. బ్రిటన్, అమెరికాల ఇంటి కంప్యూటర్ల మీద ఫుట్‌బాల్‌కు, బేస్‌బాల్‌కు, గోల్ఫ్‌కు కూడా ఆటలు రాశారు. మన పల్లెల్లో పండగనాడు ఫ్లడ్‌లైట్లు కట్టి ఆడే కబడ్డీకి రాయలేదు. కబడ్డీ నమూనాకు క్రికెట్ కంటే చక్కగా ఒదుగుతుంది. 30 సెకన్ల కూత. దాని ఫలితం పాయింటు తేవడం, దొరికిపోవడం, ఉత్త చేతులతో రావడం. ఎదుట ఆరుగురో ఏడుగురో ఉంటే బోనస్ గీత పనిచేస్తుంది. ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు పట్టేస్తే అదనపు పాయింటు. రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది చావో రేవో. ఎదుట ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి ప్రతి అవకాశమూ మారుతుంది కాబట్టి, ఏడుగురికీ ఏడు వరసల పట్టిక కావాలి. ఆ పట్టికలో నింపే అంకెలు మన మండలం జట్లకు ఏ వెబ్‌సైటులోనూ దొరకవు. ఎవరో ఒకరు కాగితం, పెన్సిలు పట్టుకుని కోర్టు పక్కన కూర్చుని, కూత కూతకూ గీతలు పెట్టుకోవాలి. ఎవరు ఎడమ మూల నుంచి వెళ్లారు, ఎదుట ఎందరున్నారు, ఏమైంది అని. ఒక మ్యాచ్‌కు ఎనభై కూతలు వచ్చినా, పట్టిక నమ్మదగ్గది కావడానికి పాతిక మ్యాచ్‌లైనా చూడాలి. ఆ గీతలు పెట్టే పిల్లలు సంక్రాంతి మూడు రోజులూ మైదానంలోనే ఉంటారు.